కూటమిని వీడే ప్రభుత్వాన్ని పార్లమెంటు నిజంగా నిలదీయగలదా? బ్రెగ్జిట్ ఏళ్లలో కస్టమ్స్ పని చేసిన అనుభవంతో ఒక సమాధానం

మీరు అడిగిన ప్రశ్న ఇది: “ఒక దేశం వాణిజ్య కూటమి నుంచి బయటికి వస్తున్నప్పుడు, ప్రభుత్వం చేసుకుంటున్న ఏర్పాట్లను పార్లమెంటు నిజంగా తనిఖీ చేయగలదా, లేక అదంతా టీవీలో కనిపించే వాదోపవాదాలేనా? బ్రెగ్జిట్ రోజుల్లో బ్రిటన్‌లో పనిచేసినవారు ఎవరైనా చెప్పగలరా?”

నేను 2014 నుంచి 2021 వరకు లండన్‌లోని హీత్రో విమానాశ్రయం పక్కన ఒక చిన్న సరుకు రవాణా కార్యాలయంలో కస్టమ్స్ డిక్లరేషన్లు దాఖలు చేసే ఉద్యోగం చేశాను. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావడం, ఆ కుర్చీలోంచి నాకు ఎలా కనిపించిందో చెబుతాను. తనిఖీ చేయగలదు, కొంతకాలం చాలా బాగా చేసింది కూడా. అయితే ఆ పని జరిగింది మీరు టీవీలో చూసిన పెద్ద సభలో కాదు, కమిటీ గదుల్లో. అది కుంటుపడింది ఎంపీలకు విషయం తెలియక కాదు, చదివి అడిగే వ్యవధి వాళ్లకు దక్కకపోవడం వల్ల.

ముందు మా పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి, లేకపోతే అంకెల బరువు తెలియదు. అప్పట్లో ఐరోపా సమాఖ్య బయటి దేశం నుంచి సరుకు వస్తే సీ88 అనే డిక్లరేషన్ పత్రం దాఖలు చేయాల్సి ఉండేది. అందులో 54 గడులు ఉండేవి. 33వ గడిలో సరుకు కోడ్, 37లో ఏ పద్ధతి కింద దిగుమతి చేసుకుంటున్నామో తెలిపే సంఖ్య, 44లో జతచేసే ధ్రువపత్రాల వివరాలు. గుంటూరు నుంచి మిరపపొడి వచ్చిందంటే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కోసం జరిపే తనిఖీల కాగితాలు కూడా తోడవుతాయి. ఒక్క అంకె తప్పుపడితే పెట్టెలు షెడ్డులోనే ఉండిపోతాయి, రోజుకింత అని అద్దె పెరుగుతుంది. చేయి తిరిగిన మనిషికి సులువైన పత్రానికి ఇరవై నిమిషాలు, చిక్కు సరుకుకు గంటకు పైగా పడుతుంది. సమాఖ్యలోనే ఉన్న ఇటలీ నుంచో పోలండ్ నుంచో వచ్చే లారీకి అప్పట్లో ఇవేవీ అక్కర్లేకపోయేవి. జీఎస్టీ వచ్చాక మన రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయినట్టుగా, ఆ లారీలు ఆగకుండా వచ్చేసేవి.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది సమాఖ్యను వీడాలన్నారు. 2017 మార్చి 29న ప్రభుత్వం అధికారికంగా నోటీసు ఇచ్చింది, అంటే సర్దుకోవడానికి రెండేళ్లు. మా కార్యాలయంలో అప్పటికి ఎవరికీ పెద్ద ఆందోళన లేదు. ఆ ఏడాది జూలైలో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం కస్టమ్స్ కంప్యూటర్ వ్యవస్థ మీద ఇచ్చిన నివేదికతో మాకు మొదటిసారి దిగులు పట్టుకుంది. ఏటా 5.5 కోట్లు ఉన్న డిక్లరేషన్లు 25.5 కోట్లకు చేరవచ్చని, వాటిని అప్పటివరకు మోస్తున్న వ్యవస్థ 1990ల నాటిదని, కొత్తది సమయానికి సిద్ధమవుతుందన్న నమ్మకం లేదని అందులో రాశారు. ఆ కార్యాలయ అధిపతి సర్ అమ్యాస్ మోర్స్, ప్రభుత్వ ప్రణాళిక మొదటి దెబ్బకే చాక్లెట్ నారింజలా తొనలు తొనలుగా విడిపోకూడదని బహిరంగంగానే హెచ్చరించారు. మా మేనేజరు ఆ అంకెలను ముద్రించి గోడకు అంటించారు. పని దాదాపు అయిదింతలు కాబోతోంది, ఆ పని తెలిసిన మనుషులు మాత్రం ఉన్నవాళ్లే.

ఆ కార్యాలయాన్ని మన కాగ్‌తో పోల్చుకోవచ్చు. దాని నివేదికలు ప్రజా పద్దుల సంఘానికి వెళ్తాయి. మన దగ్గరలాగే ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యులే అధ్యక్షత వహిస్తారు, అప్పట్లో మెగ్ హిలియర్ ఉండేవారు. అక్కడ బల్లకు ఎదురుగా కూర్చునేది ఎక్కువగా మంత్రులు కాదు, శాఖల శాశ్వత కార్యదర్శులు. శాఖ ఖర్చు పెట్టే ప్రతి పౌండుకూ వాళ్లు వ్యక్తిగతంగా పార్లమెంటుకు జవాబుదారులు. మంత్రి రాజకీయ సమాధానం చెప్పి తప్పించుకోగలరు. “ఈ పని ఎప్పటికి పూర్తవుతుంది, కాకపోతే ఏం చేస్తారు?” అని అడిగితే అధికారికి ఆ వెసులుబాటు తక్కువ. బ్రెగ్జిట్ ఏర్పాట్ల గురించి నేను నమ్మదగిన సమాచారం అన్నది చాలావరకు అధికారుల నోటి నుంచి వచ్చిందే.

2018 చివర్లో ఒకసారి సెలవు పెట్టి నేను కూడా వెళ్లి విన్నాను. పార్లమెంటుకు ఎదురుగా ఉన్న పోర్ట్‌కలిస్ హౌస్‌లో తనిఖీ దాటితే, లోపల చెట్లు పెంచిన పెద్ద హాలు, పై అంతస్తులో కమిటీ గదులు. సభ్యులు గుర్రపు నాడా ఆకారంలో ఉన్న బల్ల చుట్టూ కూర్చుంటారు, వెనక కుర్చీల్లో ఎవరైనా కూర్చోవచ్చు, పాస్ అడగరు. సరిహద్దు ఏర్పాట్ల మీద ఒకే ప్రశ్నను ముగ్గురు సభ్యులు మూడు దిక్కుల నుంచి అడిగారు. మొదట వచ్చిన “పని సాగుతోంది” అన్న జవాబు, మూడోసారికి ఏ పని ఏ దశలో ఉందో చెప్పేదాకా వచ్చింది. గొంతు పెంచినవాళ్లు లేరు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కెంట్ నుంచి వచ్చిన లారీల యజమాని. ఆయన ఒళ్లో పుస్తకం పెట్టుకుని తేదీలు మాత్రమే రాసుకున్నారు. ఆ శరదృతువులోనే ఆడిట్ కార్యాలయం, 12 కీలక సరిహద్దు వ్యవస్థల్లో 11 గడువుకు సరిగా అందకపోయే ప్రమాదం ఉందని తేల్చింది.

కమిటీ గదిలో పుట్టిన మరో అంకె మా జీవితాలను నేరుగా తాకింది. 2018 మే 23న రెవెన్యూ, కస్టమ్స్ శాఖాధిపతి జాన్ థామ్సన్ ట్రెజరీ కమిటీ ముందు హాజరయ్యారు. ప్రభుత్వంలో కొందరు ఇష్టపడుతున్న విధానం అమలైతే వ్యాపారులకు ఏటా 1,700 నుంచి 2,000 కోట్ల పౌండ్ల భారం పడవచ్చని చెప్పారు. ఒక్కో డిక్లరేషన్‌కు 32.50 పౌండ్లు అన్న లెక్క మీద ఆ మొత్తం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్న భోజనం ముందు పెట్టుకుని మేమంతా ప్రత్యక్ష ప్రసారం చూశాం. మేము తీసుకునే రుసుము కూడా ఇంచుమించు అంతే ఉండటం వల్ల, ఆయన ఊహించి చెప్పడం లేదని మాకు వెంటనే అర్థమైంది. ఆ లెక్కను ఏ మంత్రీ అంతకుముందు వేదిక మీద చెప్పలేదు. మరుసటి వారం నుంచి మా ఖాతాదారులకు పంపే ఖర్చుల అంచనాల్లో ఆ వరుస చేర్చాం.

ఇక కాగితాల సంగతి. పార్లమెంటు దిగువ సభ అయిన సామాన్య సభ (హౌస్ ఆఫ్ కామన్స్) దగ్గర ఒక పాత ఆయుధం ఉంది. ఫలానా పత్రాలు సభ ముందు పెట్టించాలని సింహాసనం మీదున్న రాజును లేదా రాణిని వినయపూర్వకంగా కోరుతూ చేసే తీర్మానం అది. పేరుకు వినతి, నెగ్గితే ప్రభుత్వం కట్టుబడాల్సిందే. 2017 నవంబరు 1న ప్రతిపక్షం దాన్ని ప్రయోగించి, 58 రంగాల మీద ప్రభుత్వం చేయించామంటున్న విశ్లేషణలను రాబట్టింది. సుమారు 850 పేజీలు బ్రెగ్జిట్ మీదే ఏర్పాటైన కమిటీ చేతికి వచ్చాయి. డిసెంబరు 6న కమిటీ అధ్యక్షుడు హిలరీ బెన్ ఒక్కో రంగం పేరు చెప్పి ప్రభావ అంచనా వేశారా అని అడుగుతుంటే, బ్రెగ్జిట్ మంత్రి డేవిడ్ డేవిస్ లేదని ఒప్పుకున్నారు. తర్వాత బహిరంగపరచిన పత్రాల్లో మా సరుకు రవాణా రంగానికి సంబంధించినది నేను పూర్తిగా చదివాను. రంగం ఎలా ఉంటుందన్న వర్ణన అందులో ఉంది, రేపు ఏమవుతుందన్నది లేదు. అది చదివాక కలిగిన నిరుత్సాహం ఇప్పటికీ గుర్తుంది. కానీ ఏర్పాట్లు జరగలేదన్న నిజం తెలియడం కూడా మాకు ఉపయోగమే, ఎందుకంటే ప్రభుత్వం చూసుకుంటుందన్న ధీమా వదిలి మా పని మేం మొదలుపెట్టాం.

అదే ఆయుధం 2019 సెప్టెంబరు 9న మళ్లీ బయటికి వచ్చింది. ఒప్పందం లేకుండా బయటపడితే పరిస్థితి ఎలా ఉంటుందో అంచనా వేసిన యెల్లోహామర్ పత్రాలు చూపించాలన్న తీర్మానం 311–302 ఓట్లతో నెగ్గింది. రెండు రోజులకు కొన్ని పేజీలు విడుదలయ్యాయి, 15వ పేరా మీద నల్లరంగు పూసి ఉంది. మిగిలిన పేరాల్లో మాకు కావలసినది ఉంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న జలసంధి దాటే లారీల్లో 50 నుంచి 85 శాతం ఫ్రెంచ్ కస్టమ్స్‌కు సిద్ధంగా ఉండకపోవచ్చు, రాకపోకలు మామూలులో 40 నుంచి 60 శాతానికి పడిపోవచ్చు, లారీలు గరిష్ఠంగా ఒకటిన్నర నుంచి రెండున్నర రోజులు ఆగాల్సి రావచ్చు అని స్పష్టంగా రాశారు. రెండున్నర రోజులు ఆగితే పాడయ్యే సరుకు ఏదో, ఆగినా ఫరవాలేనిది ఏదో ఆ సాయంత్రమే ఖాతాదారుల జాబితా ముందు పెట్టుకుని గుర్తులు పెట్టాం. నిల్వ ఉండే సరుకును ఆ జలసంధి ఒడ్డునున్న డోవర్ రేవు దారి నుంచి తప్పించి కంటైనర్లలో ఫెలిక్స్‌స్టో రేవుకు మళ్లించమని సలహా ఇచ్చాం. సభలో తొమ్మిది ఓట్ల తేడా ఒక చిన్న కార్యాలయానికి ఇలా పనికొచ్చింది.

 

ఇప్పుడు కుంటుపడిన వైపు చెప్పాలి. 2019 శరదృతువులో పార్లమెంటు సమావేశాలనే నిలిపివేశారు. అది చెల్లదని సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు కాబట్టి ఆ గాయం మానింది. నన్ను ఎక్కువ బాధించేది 2020 డిసెంబరు. డిసెంబరు 24న ఒప్పందం కుదిరింది, దాని నిడివి 1,200 పేజీలకు పైగా. దాన్ని అమలుచేసే బిల్లు డిసెంబరు 30న ఒక్క రోజులో అన్ని దశలూ దాటింది, సామాన్య సభలో 521–73 ఓట్లతో. మరుసటి రాత్రి 11 గంటలకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మూడేళ్లు ఒక్కో అంకె కోసం అధికారులను కూర్చోబెట్టి అడిగిన సభకు, అసలు పత్రాన్ని చదివే వారం కూడా దొరకలేదు. పైగా ఆ విషయానికే ఏర్పాటైన కమిటీ 2021 జనవరి 16తో ముగిసిపోయింది. సభ్యులు కొనసాగించమని కోరినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. సరిగ్గా సమస్యలు మొదలైన నెలలో అడిగే బల్లను ఎత్తేశారు.

ఆ సమస్యల్లో ఒకటి మన తెలుగువాళ్ల వంటింటికే వచ్చింది. సమాఖ్యలోనే కొనసాగుతున్న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో భారతీయ సరుకుల దుకాణాలు చాలావరకు లండన్ టోకు గోదాముల నుంచి తెప్పించుకునేవి. ఒప్పందంతో సుంకాలు సున్నా అయ్యాయని పత్రికల్లో చదివి, మా ఖాతాదారు ఒకాయన జనవరిలో ఎప్పటిలాగే ఒక లారీ నింపించారు: బియ్యం, ఊరగాయలు, కారప్పొడులు. సున్నా సుంకం బ్రిటన్‌లో తయారైన సరుకుకు మాత్రమే. భారతదేశంలో తయారై, బ్రిటన్‌లో ఒకసారి సుంకం కట్టి దిగిన సరుకు ఐర్లండ్‌కు వెళ్తే అది మళ్లీ విదేశీ సరుకే, కాబట్టి సుంకం పడే ప్రతి వస్తువుకూ రెండోసారి కట్టాలి. ఊరగాయ సీసా మీద “భారత్‌లో తయారైంది” అన్న ఒక్క వరుస చూసి అక్కడి అధికారి మూల ధ్రువీకరణ, అంటే సరుకు ఏ దేశంలో తయారైందో చూపే పత్రం, అడిగారు. ఆ రోజు ఆ ఖాతాదారు నాకు ఫోన్ చేసి, “అమ్మా నాన్నా తినే పచ్చడికి రెండు దేశాల పన్నా బాబూ?” అని అడిగితే నా దగ్గర ఊరడింపు మాట లేకపోయింది. మూల నిబంధనల గురించి కమిటీల ముందు వ్యాపార సంఘాలు ముందునుంచీ చెబుతూనే ఉన్నాయి. తుది పాఠం చేతికొచ్చాక, దాన్ని పట్టుకుని అధికారిని ఒక్క పూట అడిగే అవకాశం ఉండి ఉంటే, ఈ సంగతి లారీ రేవు చేరకముందే దుకాణదారులకు తెలిసేది.

నేను 2021 చివర్లో హైదరాబాద్ వచ్చేశాను. అయినా ఆ నివేదికలు చదివే అలవాటు పోలేదు. 2024 మేలో అదే ఆడిట్ కార్యాలయం మళ్లీ లెక్క తీసింది: దిగుమతి తనిఖీల పూర్తి అమలును అయిదుసార్లు వాయిదా వేశారు, సరిహద్దు ఏర్పాట్లకు అయ్యే ఖర్చు కనీసం 470 కోట్ల పౌండ్లు. ఆ డబ్లిన్ వ్యాపారి మాత్రం అప్పటికే దారి మార్చుకున్నారు. ఇప్పుడు కంటైనరు నేరుగా ఐర్లండ్ రేవులోనే దింపించుకుంటున్నారు, లండన్ గోదాముతో ఆయనకు పని లేదు.