పర్యావరణహిత ఇళ్ల డిజైన్: ఏడాది డిప్లొమా చాలా, బీఆర్క్ చేయాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పర్యావరణానికి మేలు చేసే ఇళ్లు డిజైన్ చేస్తానంటోంది. ఏడాది ఇంటీరియర్ డిజైన్ డిప్లొమాలో చేర్పిస్తే సరిపోతుందా? బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిదేళ్లంటే భయంగా ఉంది.

జవాబు: ఆమె కోరిక అదే అయితే నా మొగ్గు బీఆర్క్ వైపేనండీ. ఇల్లు చల్లగా ఉంటుందా, ఏసీ మీదే బతుకుతుందా అన్నది చాలావరకు గోడలు లేవకముందే తేలిపోతుంది. కిటికీ ఎటు పెట్టాలి, పడమటి ఎండను ఎలా ఆపాలి, శ్లాబు వేడిని ఎలా తగ్గించాలి అన్నవి ప్లాను గీసేటప్పుడే చూసుకోవాలి. ఇంటీరియర్ డిజైనర్ చేతికి వచ్చేసరికి ఆ పనులన్నీ అయిపోయి ఉంటాయి. ఇక మిగిలేవి వెదురు ఫర్నిచర్, ఘాటు తక్కువ పెయింట్లు, బాల్కనీలో మొక్కలు. అవీ మంచివే, కానీ కరెంటు బిల్లు వాటితో పెద్దగా తగ్గదు.

మన విశాఖనే చూడండి. ఇక్కడి ఉక్కపోతలో ఇంట్లో గాలి ఆడాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అనే ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది. మనలాంటి వేడీ తేమా ఉన్న ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం కార్పెట్ ఏరియాలో (గోడల లోపలి నేల వైశాల్యంలో) కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని అందులో ఉంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు సుమారు 167 చదరపు అడుగులు. మన అపార్టుమెంట్లలో ఎక్కడ చూసినా కనిపించే రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. బ్రోచర్ మీద ఎన్ని ఆకులు ముద్రించినా ఈ లెక్క మారదు. ఇది వేయగలిగిన పిల్లలు మన ఊరికి చాలామంది కావాలి.

సామగ్రి గురించి నేర్చుకోవడానికీ విశాఖ మంచి చోటు. సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిదతో ఇటుకలు చేయొచ్చు, ఉక్కు కర్మాగారంలో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ సిమెంటుకు పనికొస్తుంది. స్లాగ్ సిమెంటు వాడితే కాంక్రీటులోకి ఉప్పు చొరబడటం తగ్గుతుంది కనుక సముద్రతీరానికి బాగా నప్పుతుంది. ఉత్తరాంధ్ర చుట్టిళ్లు గుండ్రంగా ఎందుకు కట్టారో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను గాలిని చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

బీఆర్క్‌కి నాటా (ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష) గానీ, జేఈఈ మెయిన్ పేపర్-2 గానీ రాయాలి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కి జేఈఈ ర్యాంకే కావాలి. విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతంలలో ఈ కోర్సు ఉంది. ఎక్కడ చేరినా ఫీజు కట్టేముందు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు చూసుకోండి. 1972 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కానిదే ఆర్కిటెక్ట్‌నని చెప్పుకోకూడదు.

మీ భయం అర్థమైంది. అయిదేళ్లు చదివాక కూడా మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, అది దాచి చెప్పలేను. అంత భారం మోయలేమనుకుంటే సివిల్ ఇంజినీరింగ్ చేసి, తర్వాత ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ పెట్టే అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష రాసినా ఈ రంగంలోకి రావచ్చు.

ఈలోగా ఆమెతో ఒక పని చేయించండి. మీ ఇంటి ప్లాను స్కేలుకు గీసి, తెరుచుకునే కిటికీల వైశాల్యం కూడి, సాయంత్రం నాలుగింటికి ఎండ ఏ గోడ మీద పడుతుందో గుర్తు పెట్టమనండి. విసుగు లేకుండా కూర్చుని చేస్తే నాటా దరఖాస్తు తేదీలు చూసుకోండి. అదంతా వదిలేసి కర్టెన్లూ రంగులే గీస్తుంటే ఆ డిప్లొమాలో నిశ్చింతగా చేర్పించండి.