క్రెడిట్లు కొనే ముందు

టంగుటూరు

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

కాలిఫోర్నియా ఎలక్ట్రిక్ కార్ల క్రెడిట్ల పని నీకు అప్పజెప్పారనీ, టెన్షన్‌గా ఉందనీ ఫోన్‌లో అన్నావు. భయపడకమ్మా, పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల మధ్య పెరిగినదానివి. మనకి బ్యారన్‌కి ఇంత పొగాకని కోటా ఉంటుంది. పంట ఎక్కువ పండినవాడు ఇంకొకరి బ్యారన్ కౌలుకి తీసుకుంటాడు. మనది ఇంతకు మించకూడదనే లెక్క, వాళ్లది ఇంతకు తగ్గకూడదనే లెక్క. అమ్మే కార్లలో పొగ రానివి ఇన్ని ఉండాలని కాలిఫోర్నియా 1990లోనే రూలు పెట్టింది. అలా అమ్మిన కార్లకి క్రెడిట్లు ఇస్తారు. ఎక్కువ అమ్మినవాళ్లు మిగిలిన క్రెడిట్లు దాచుకోవచ్చు, లోటు పడ్డవాళ్లకి అమ్ముకోవచ్చు.

ఒక్కో కారుకి ఎన్ని క్రెడిట్లో, ముందు ఆ లెక్క నువ్వే చేత్తో వేసి చూడు. 2018 నుంచి 2025 మోడల్ దాకా, సిటీ టెస్టులో కారు ఒక్క చార్జింగ్‌తో ఎన్ని మైళ్లు పోయిందో దాన్ని 0.01తో గుణించి 0.5 కలపాలి, 4 దాటకూడదు. 200 మైళ్ల కారుకి రెండున్నర. అమ్మేటప్పుడు కారు అద్దానికి అంటించే స్టిక్కర్ మీది మైళ్లు వేశావో, మొత్తం తప్పుతుంది. 2026 మోడల్‌కి రాసిన రూల్లో కారుకి ఒక్కటే లెక్క, మైళ్లతో పనిలేదు. ఈ రెండూ ఒకే కాలమ్‌లో కలపకు.

టెస్లాకి 2024లో క్రెడిట్ల మీద సుమారు 276 కోట్ల డాలర్లు వచ్చాయి. అది అన్ని దేశాల, అన్ని రకాల రూల్స్ కలిపిన సొమ్ము. కాలిఫోర్నియా రేటు అంచనాకి దాన్ని పట్టుకోకు.

ఇక అసలు సంగతి. క్రెడిట్‌కి విలువ వచ్చేది జరిమానా వల్లే. ఒక ఏడు నేను సీజన్ మొదట్లోనే బ్యారన్ కౌలుకి డబ్బు కట్టాను. తర్వాత అదనపు పొగాకు మీద జరిమానా ఎత్తేశారు. వేలం హాల్లో నా బేళ్ల పక్కనే పక్కూరాయన అదనపు బేళ్లు అదే రేటుకి పోయాయి. కౌలు డబ్బు తిరిగి రాలేదు. ఆ రాత్రి మీ పెద్దమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు.

కాలిఫోర్నియా 2026 రూలుకి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని 2025 జూన్‌లో అక్కడి కాంగ్రెస్ తీర్మానంతో రద్దు చేశారు, రాష్ట్రం కోర్టుకెళ్లింది. జూలైలో అమెరికా కేంద్రం తన వేరే రూలు, అంటే కార్ల మైలేజీ రూలు మీద జరిమానాని సున్నా చేసింది. ఆ మైలేజీ రూలు పుస్తకంలోనే ఉంది, దాని క్రెడిట్ కొనాల్సిన అవసరమే పోయింది.

కాబట్టి కొనుగోలు ఒప్పందం చేతికొస్తే, రేటు కంటే ముందు ఒక పేరా వెతుకు: రూలు మారినా, జరిమానా పోయినా, కట్టిన డబ్బు సంగతేంటి? అది లేకపోతే సంతకాలకి పంపకుండా ముందు మీ లాయర్‌ని అడుగు.

మీ పెదనాన్న