తమ్ముడి వెన్నుకి స్టెమ్ సెల్స్ అంటున్నారు, పొలం అమ్మమంటారా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా తమ్ముడు మూడేళ్ల కిందట ముంజెలకని తాటిచెట్టెక్కి పడిపోయాడు, బరంపురంలో వెన్నుకి రాడ్లేసి ఆపరేషన్ చేశారు గానీ బొడ్డు కిందనుంచి స్పర్శ లేదు, కాళ్లు కదలవు. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి తరఫు మనిషి రోజూ ఫోన్ చేసి, నాలుగు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లిచ్చి స్కాఫోల్డ్ అని ఒకటి పెడితే లేచి నడుస్తాడు, ఎనిమిది లక్షలు అవుతాది అంటున్నాడు. నాన్న అరెకరం బేరం పెట్టేశారు. ఏం చెయ్యమంటారు?
ఒక అక్క, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు నాన్నగారితో ఆ బేరం ఆపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

వెన్నుపాము నలిగిన చోట ఇన్నేళ్లకి గట్టి మచ్చ కట్టేస్తుంది, చాలామందికి మధ్యలో నీటితిత్తిలా గుల్ల కూడా పడుతుంది, పైనుంచి వచ్చే నరాల పోగులు అక్కడికొచ్చి ఆగిపోతాయి. ఆ గుల్లలో ఉత్త స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) పోస్తే ఎక్కువ శాతం చచ్చిపోతాయి, బతికినవాటికీ దారి తెలీదు. బీరపాదుకి పందిరి వేసినట్టు కొలాజెన్ లాంటి దాంతో పోగులకి ఆసరా కడదామన్నదే స్కాఫోల్డ్. ఆలోచన మంచిదే, నాకూ దానిమీద ఆశ ఉంది. కానీ చైనాలో మీ తమ్ముడిలాంటి పాత గాయాలున్న ఐదుగురికి మచ్చ తీసేసి కొలాజెన్ స్కాఫోల్డ్ పెట్టి ఏడాది చూసి 2016లో రాశారు, ప్రమాదమేం జరగలేదు గానీ ఎవరూ లేచి నడవలేదు. అమెరికాలో కొత్త గాయాలకే పెట్టిన స్కాఫోల్డ్ కూడా, పెట్టనివాళ్లతో పోల్చి చూస్తే అనుకున్నంత మేలు చెయ్యలేదని 2023లో తేలింది. జపాన్‌లో కియో యూనివర్సిటీ వాళ్లు నలుగురికి కణాలు పెడితే ఒకతను నిలబడగలిగాడని 2025లో పేపర్లలో వచ్చింది చూడండి, ఆ నలుగురికీ దెబ్బ తగిలి నెల కూడా కాలేదప్పటికి, పాత గాయం సంగతి వేరు.

ఇంకోటి కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. ఇలాగే కణాల కోసమని ముక్కు లోపలి పొర తీసి వెన్నులో పెట్టించుకున్న ఒకమ్మాయికి ఎనిమిదేళ్లకి అక్కడ గడ్డ కట్టింది, తీసి చూస్తే చీమిడి లాంటి జిగురు ఊరుతూ ఉంది, 2014లో అమెరికా డాక్టర్లు రాశారు. ఒకసారి లోపల పెట్టిన కణాల్ని మళ్లీ ఏరి తీయలేం.

మన దేశంలో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017 నిబంధనల ప్రకారం వెన్నుపాముకి స్టెమ్ సెల్స్ వాడితే అది పరిశోధనగానే చెయ్యాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈసారి ఫోన్ వస్తే సీటీఆర్ఐ (మనుషులమీద చేసే వైద్య పరిశోధనల్ని, అంటే ట్రయల్స్‌ని, నమోదు చేసే జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ట్రయల్ అయితే ఎనిమిది లక్షలు ఎందుకో కూడా అడగండి.

ఇక తమ్ముడి సంగతి. రోజూ స్నానం ముందు పక్కకి తిప్పి పిర్రల ఎముకల దగ్గర, తుంటి పక్కన, మడమల మీద చూడండి, ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్లేదు, అసలు తెల్లబడకపోతే అది పుండు మొదలైనట్టే, ఆ మచ్చ పోయేదాకా దానిమీద బరువు పడనివ్వొద్దు. అద్దం ఒకటి కొనిస్తే తనే చూసుకుంటాడు. కుర్చీలో ఉన్నప్పుడు ప్రతి అరగంటకీ చేతులమీద లేచి ఒళ్లు తేలిక చెయ్యాలి, రాత్రి రెండేసి గంటలకి పక్క మార్చాలి. ఎప్పటికైనా నిజమైన ట్రయల్ వచ్చినా పుండ్లు, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లని మామూలుగా తీసుకోరు. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో నిర్తార్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, రిహాబిలిటేషన్, అంటే ఉన్న శక్తితో తన పనులు తను చేసుకునేలా తయారుచెయ్యడం, అక్కడ చేస్తారు, ఒక్కసారి తీసుకెళ్లండి.

మూత్రం ఎలా పోతున్నాడో మీరు రాయలేదమ్మా. పైపు ఎప్పుడూ ఉంచేస్తున్నారా, లేక నాలుగైదు గంటలకోసారి పెట్టి తీస్తున్నారా, జ్వరాలేమైనా వస్తున్నాయా, అది చాలా ముఖ్యం, కిడ్నీల సంగతి దానిమీదే ఉంటుంది. ఈ ఫోన్ల గురించి తమ్ముడేమంటున్నాడో కూడా అడిగి రాయండి.