బుచన్‌లో వడియాలు, బెలూన్‌లో ఒత్తులు

(దక్షిణ కొరియాలోని బుచన్ నగరంలో ఉంటూ తెలుగులో వెబ్‌కామిక్ రాస్తున్న తెనాలి ఆడపడుచు ఈసారి మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఆమె కథ ఓ కర్రీ పాయింట్ చుట్టూ తిరుగుతుంది. బొమ్మలు వేసేది విశాఖపట్నంలో ఉండే స్నేహితుడు.)

*కామిక్ అంటే బొమ్మలు కదమ్మా. బొమ్మలు వేయని మీరు అందులో చేసేదేమిటి?*
– రిటైర్డ్ టీచర్, ఏలూరు

మాస్టారూ, మా మామగారి అనుమానం కూడా ఇదే. ఏ గడిలో ఎవరు ఉండాలి, ఎంత దూరం నుంచి కనిపించాలి, ఏం మాట్లాడాలి అన్నది నేను ముందుగా పుల్లల మనుషులతో గీసి పంపుతాను. ఇక్కడి వాళ్ళు దీన్ని ‘కొంటి’ అంటారు. ‘అత్తయ్య గరిటె ఎత్తుతుంది. ముఖం చూపించొద్దు, గాజులు చాలు’ అని పక్కన రాస్తాను. ఒక్కో భాగానికి నలభై గడులు దాకా అవుతాయి. తమ్ముడు (వరసకు కాదు, నేనలా పిలుస్తాను) బొమ్మ వేసి పంపాక చూస్తే, నేను రాసిన మాటల్లో సగం గాజులే చెప్పేసి ఉంటాయి. అవి కొట్టేస్తాం. కొట్టేయగా మిగిలిందే మీరు చదివేది.

*మీ కామిక్‌లో ఎవరూ రెండు మూడు ముక్కలకు మించి మాట్లాడరెందుకు? మా ఇంట్లో ఎవరూ అంత పొదుపుగా మాట్లాడరు!*
– బ్యాంకు ఉద్యోగిని, కర్నూలు

మా ఇంట్లోనూ అంతే. కానీ ఫోన్ తెర వెడల్పు ఎంతుంటుందో చూడండి. మేం బొమ్మను 800 పిక్సెళ్ళ వెడల్పుతో తయారు చేస్తాం. అందులో మనిషి ఉండాలి, వెనక కొట్టు ఉండాలి, పైన మాటలు రాసే బెలూన్ ఉండాలి. కొరియన్ వాడు ‘వెళ్ళిపోయాడా?’ అని అడగాలంటే రెండు అక్షరాలు చాలు. మనకేమో ఆ ఒక్క మాటకే బెలూన్ నిండిపోతుంది. ఇంక ‘వెళ్ళిపోవాలనుకుంటున్నానంటోంది’ అని రాశాననుకోండి, దాన్ని మధ్యలో ఎక్కడ విరిచినా చదవడానికి బాగుండదు. మొదట్లో ఓసారి తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, నీ డైలాగ్ వెనక అత్తయ్య తల కనిపించట్లేదు. డైలాగ్ ఉంచమంటావా, తల ఉంచమంటావా?” అన్నాడు. తల ఉంచమన్నాను.

ఇంకో తలనొప్పి ఒత్తులది. పై వరసలో ‘స్త్రీ’ ఉండి, దాని కిందే గుడి ఉన్న అక్షరం వస్తే రెండూ కొట్టుకుంటాయి. వరసల మధ్య ఎడం పెంచితే బెలూన్ గుమ్మడికాయంత అవుతుంది. అందుకని మూడు వరసలు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. ధూర్జటి, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఆ విషయంలో మాకు లోటు లేదు. అయితే ఫొటోషాప్‌లో మన లిపులకు సంబంధించిన సెట్టింగ్ మార్చడం తెలియక, మొదటి భాగంలో ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంది. అది చూసి మా అమ్మ, “నన్ను అలా విరిచేశావేంటే?” అంది.

*నెలకు ఎంత వస్తుందండీ?*
– పేరు రాయని పాఠకుడు

సున్నా. మా వారి వీసా మీద వచ్చినదాన్ని, ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి నాకు లేదు. కామిక్ ఉచితంగానే పెడుతున్నాం. తమ్ముడికి పగలు వేరే ఉద్యోగం ఉంది.

*అక్కా, వెబ్‌టూన్లు (ఫోన్‌లో చదివే కామిక్కులు) పుట్టిన దేశంలో ఉన్నారు. పెద్ద పెద్ద ఆర్టిస్టులను కలుస్తుంటారా? అక్కడ ఏం నేర్చుకున్నారు?*
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

ఎవరినీ కలవలేదు తమ్ముడూ. వాళ్ళకు వారానికో భాగం గడువు, ఇల్లు కదిలే తీరిక ఉండదు. కానీ మా ఊళ్ళోనే కొరియా మాన్హ్వా మ్యూజియం ఉంది. సబ్‌వే ఏడో లైన్‌లో సంసాన్ వ్యాయామశాల స్టేషన్‌లో దిగితే దగ్గరే. మాన్హ్వా అంటే కొరియన్లు కామిక్‌కు పెట్టుకున్న పేరు. అందులోని లైబ్రరీలో కూర్చుని పాత కాగితం కామిక్కులు, కొత్త వెబ్‌టూన్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. 2003, 2004 ప్రాంతంలో ఇక్కడి పెద్ద వెబ్‌సైట్లు కామిక్కులను కిందికి జరుపుకుంటూ చదివేలా పెట్టడం మొదలుపెట్టాయి. కాగితం మీద పేజీ తిప్పితే వచ్చే ఉలికిపాటు, ఇక్కడ రెండు గడుల మధ్య ఖాళీ వల్ల వస్తుంది. తలుపు తీసే గడికీ తలుపు వెనక మనిషికీ మధ్య తెల్లటి ఖాళీ ఎంత పొడుగుంటే వేలికి అంత టెన్షన్!

నాకు ఇంకా నచ్చింది వాళ్ళ జంట మాటలు. గుండె ‘దుగున్ దుగున్’ అంటుంది, నగ ‘బన్‌చక్ బన్‌చక్’ అంటుంది. మన దడదడ, మిలమిల లేవూ, అలాగన్నమాట. మిలమిలకు చప్పుడు లేదు కదా, అయినా మనకు వినిపిస్తుంది! ఇది గమనించాక మా కామిక్‌లో ‘బ్యాంగ్’, ‘క్రాష్’ తీసేశాం. ఇప్పుడు మూకుడు సుయ్యిమంటుంది, షట్టరు కిర్రుమంటుంది, బాకీ ఉన్నవాడికి గుండె గుబగుబలాడుతుంది.

*చలిదేశం కదా, వడియాలు, ఊరగాయలు పెట్టుకోవడం కుదురుతుందా?*
– గృహిణి, అమలాపురం

ఇక్కడి ఇళ్ళలో వేడి నేల కిందనుంచి వస్తుందండీ. జనవరిలో బయట మైనస్ పది ఉన్నా, గచ్చు మీద గుడ్డ పరిచి పెసర వడియాలు పెట్టాను. రెండున్నర రోజులు పట్టింది, అంతవరకూ మా వారు గోడ పక్కనుంచి నడిచారు. ఊరగాయ అమ్మ పంపుతుంది.

*అంత దూరంలో ఉంటే తెలుగు మరచిపోరా? మీ పాత్రలు మా వీధిలో వాళ్ళలాగే ఎలా మాట్లాడుతున్నాయి?*
– పాఠకురాలు, తణుకు

మరచిపోవడం కాదండీ, ఆగిపోవడం. నేను 2017 ఆగస్టులో వచ్చాను. 2021లో ఒక భాగంలో కొట్టు అతను “చిల్లర లేదమ్మా, చాక్లెట్ తీసుకో” అన్నాడు. మా అక్క కూతురు చదివి, “పిన్నీ, ఇప్పుడు చిల్లర ఎవరిస్తున్నారు? స్కాన్ చేస్తే డబ్బా అరుస్తుంది, ఇన్ని రూపాయలు వచ్చాయని” అని నవ్వింది. ఆ డబ్బా నేను చూడనే లేదు! కరోనా వల్ల ఊరికి రాలేకపోయాను. నా కొట్టు, నా అత్తయ్య, వాళ్ళ మాటలు నేను విమానం ఎక్కిన రోజు దగ్గరే నిలబడిపోయాయి. రెండు రోజులు ఏమీ రాయలేదు. తర్వాత ఆ డబ్బానే ఒక పాత్ర చేశాం. అత్తయ్యకూ దానికీ క్షణం పడదు.

అప్పటినుంచి అమ్మ నాకో సాయం చేస్తోంది. పొద్దున పదకొండింటికి, నాకు మధ్యాహ్నం రెండున్నర అవుతుంది, వీధి చివర కర్రీ పాయింట్‌కు వెళ్తూ నాకు ఫోన్ కలిపి సంచిలో పడేస్తుంది. నేను ఇక్కడ పెన్ను పట్టుకుని కూర్చుంటాను. “సాంబారు కవరు ముడి గట్టిగా వెయ్యి బాబూ, నిన్న సంచంతా సాంబారే” – ఇది నేను రాసింది కాదు, వెనక నిలబడ్డ ఎవరో పెద్దావిడది. అలాగే దించేశాను.

పోయినవారం కొట్టు అతను అడిగాడు, “సంచిలో ఫోన్ ఆన్‌లో ఉన్నట్టుందండీ, ఎవరు?”

“మా అమ్మాయిలే, కొరియాలో ఉంటుంది. ఊరికే వింటోంది.”

“అయితే ఆవిడకీ ఓ దొండకాయ కట్టమంటారా?”