రష్యా కూలిపోతుందా అంటే: మాస్కో నుంచి బాకీలు వసూలు చేసే మనిషిగా నా జవాబు

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. రష్యా ఆర్థికంగా కూలిపోతుందని కొందరు, ఆంక్షలు దాన్నేమీ చేయలేకపోయాయని కొందరు అంటున్నారు, ఏది నిజం? పుతిన్ ప్రభుత్వానికి అసలు ఇబ్బంది ఎక్కడ? మీ అబ్బాయిని అక్కడ ఎంబీబీఎస్‌కి పంపొచ్చా?

నేను హైదరాబాద్‌లో జీడిమెట్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ఎగుమతులు చూస్తాను. రష్యా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నా కింద ఉంటాయి. కాబట్టి రష్యా అనగానే నాకు యుద్ధ ట్యాంకుల కన్నా ముందు రావాల్సిన బాకీలు గుర్తొస్తాయి.

కూలిపోదండీ. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలుపెట్టిన 2022 ఫిబ్రవరి చివర్లో మా ఆఫీసులో అందరికీ టెన్షనే. రష్యా విదేశీ నిల్వల్లో దాదాపు 30 వేల కోట్ల డాలర్లను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాయి. అక్కడి సెంట్రల్ బ్యాంకు వడ్డీ రేటును ఒక్కసారిగా 9.5 నుంచి 20 శాతానికి పెంచింది. డాలరు 120 రూబుళ్ల దాకా పోయింది. అలాంటిది జూన్ కల్లా 60 లోపుకు వచ్చేసింది. ఆ ఏడాది జీడీపీ ఒక శాతం పైన తగ్గినా, తర్వాత రెండేళ్లూ 4 శాతం అటూ ఇటూగా పెరిగింది.

ఆ పెరుగుదల ఎక్కడిదో చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. అందులో పెద్ద భాగం ప్రభుత్వం యుద్ధం మీద కుమ్మరించిన డబ్బు. 2025 బడ్జెట్‌లో ఒక్క రక్షణకే 13.5 లక్షల కోట్ల రూబుళ్లు పెట్టారు, అంటే జీడీపీలో 6 శాతం పైమాటే. ఆయుధ ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులు నడుస్తున్నాయి. మగవాళ్లు కొందరు సైన్యంలోకి పోయారు, లక్షల మంది దేశమే వదిలారు. నిరుద్యోగం 2.5 శాతం లోపు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మాస్కోలో మా సరుకు దింపే గోడౌన్‌లో మనుషులు దొరక్క లారీలు గేటు బయటే ఆగిపోతుంటే అది శుభవార్తలా అనిపించదు. మనుషులు లేకపోతే జీతాలు పెరుగుతాయి, వాటి వెనకే ధరలు. 2023 డిసెంబరులో కోడిగుడ్ల ధర గురించి ఒక పింఛనుదారు టీవీ కార్యక్రమంలో నిలదీస్తే పుతిన్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2024లో ద్రవ్యోల్బణం 9.5 శాతం. ఆ అక్టోబరులో వడ్డీ రేటు 21 శాతానికి చేరింది.

ఈ 21 శాతం నా టేబుల్ మీదకి ఎలా వచ్చిందో చెప్తాను. మాస్కోలో మా డిస్ట్రిబ్యూటర్ ఒకాయన 90 రోజుల గడువుకి సరుకు తీసుకునేవాడు. రేటు పెరిగాక 180 రోజులు కావాలన్నాడు. గట్టిగా అడిగితే దాచకుండా చెప్పాడు: "అప్పు తెచ్చి మీకు కట్టాలంటే బ్యాంకు 25 శాతం పైన వడ్డీ అడుగుతోంది. చేతిలో ఉన్నది డిపాజిట్ చేస్తే 20 శాతం వస్తోంది. మీకు తొందరగా కడితే నాకేంటి?" ఆయనకు రావాల్సిన డబ్బు మందుల షాపుల గొలుసు సంస్థలు అలాగే ఆపుతున్నాయట. అందరూ ఒకరి డబ్బు మీద ఒకరు కూర్చున్నారు. పైగా అక్కడి అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వమే గరిష్ఠ ధర నమోదు చేస్తుంది కాబట్టి రూబుల్ పడినప్పుడు రేటు పెంచుకుందామన్నా కుదరదు.

ఇక నాయకత్వం సంగతి. సెంట్రల్ బ్యాంకు గవర్నర్ ఎల్వీరా నబియూలినా 2013 నుంచీ ఆ కుర్చీలో ఉన్నారు. నా లెక్కలో రష్యాను ఇన్నాళ్లు నిలబెట్టింది జనరల్స్ కాదు, ఆవిడ. కానీ ఆవిడ పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వడ్డీ పెంచితే పారిశ్రామికవేత్తలు మండిపడతారు, తగ్గిస్తే ధరలు మండుతాయి. 2025 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సదస్సులో ఆర్థికాభివృద్ధి మంత్రి రెషెత్నికోవ్ మాంద్యం అంచున ఉన్నామంటే, ఆవిడ అదే వేదిక మీద ఇది వేడెక్కిన ఆర్థిక వ్యవస్థ చల్లబడటమేనన్నారు. ఆ సెప్టెంబరులోనే కార్ల కంపెనీ అవ్‌తోవాజ్ వారానికి నాలుగు రోజుల పనికి దిగింది. 2026 జనవరి నుంచి వ్యాట్ 20 నుంచి 22 శాతం అయింది.

ఆయిల్ డబ్బుతో నెట్టుకొస్తారు కదా అంటారు. కొంతవరకు నిజమే. యుద్ధానికి ముందు మన దేశం కొనే క్రూడ్‌లో రష్యా వాటా 2 శాతం కూడా లేదు, 2024 నాటికి మూడో వంతు దాటింది. కానీ 2025 అక్టోబరులో రష్యా పెద్ద ఆయిల్ కంపెనీలు రాస్‌నెఫ్ట్, లుకాయిల్ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. అదీగాక 2025లో రూబుల్ బలపడింది. ఆయిల్ డాలర్లలో అమ్ముతారు, ఖర్చు రూబుళ్లలో పెడతారు. రూబుల్ బలపడితే అదే పీపా మీద ఖజానాకు తక్కువ జమ అవుతుంది.

నాకు ఇంతకన్నా పెద్ద చిక్కుగా కనిపించేది యుద్ధం ఆగిన మర్నాడు. 2024 జూలైలో సైన్యంలో చేరేవాళ్లకు మాస్కో నగరం ఒకేసారి 19 లక్షల రూబుళ్లు ఇస్తామంది. దేశంలో సగటు జీతం అప్పుడు నెలకు 90 వేల లోపే. ఎన్నడూ ఇంత డబ్బు చూడని చిన్న ఊళ్లకు సైనికుల జీతాలు, ఆయుధ ఫ్యాక్టరీల ఓవర్‌టైమ్ వెళ్లాయి. ఆర్డర్లు ఆగి, లక్షల మంది తిరిగొచ్చి పని అడిగితే ఎవరు ఇస్తారు? యుద్ధం ఆపకపోతేనేమో మనుషులూ చాలరు, డబ్బూ చాలదు. నాకు కనిపిస్తున్నది ఏళ్ల తరబడి ఒకటి, రెండు శాతం వృద్ధి దగ్గర ఈడ్చుకుపోవడమే.

మీ అబ్బాయి విషయం. దేశం ఆర్థిక పరిస్థితి చూసి చదువు మానిపించక్కర్లేదు. కానీ ఫీజు రూబుళ్లలోనా డాలర్లలోనా అని కాలేజీని ముందే అడగండి. 2024 డిసెంబరులో రూబుల్ 81 పైసల దగ్గర ఉండేది, 2025 మధ్యకి రూపాయి దాటింది. 4 లక్షల రూబుళ్ల ఫీజు ఆరు నెలల్లో 3.25 లక్షల రూపాయల నుంచి 4.3 లక్షలు దాటిందన్నమాట. ఏజెంట్ ఇచ్చే పాంప్లెట్‌లో ఇది ఉండదు. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు అక్కడ 2022 మార్చి నుంచి పనిచేయవు కాబట్టి డబ్బు ఏ దారిలో పంపాలో సీనియర్ల తల్లిదండ్రులను కనుక్కోండి. ఇంకొకటి, పార్ట్‌టైమ్ ఉద్యోగమంటూ ఎవరైనా రష్యన్ భాషలో కాగితం ఇస్తే సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపండి. హెల్పర్ పని అని నమ్మి వెళ్లి సైన్యంలో తేలిన భారతీయుల్లో మన తెలంగాణ కుర్రాళ్లు కూడా ఉన్నారు.