హోమ్ ఆఫీసు కాదన్నాక

అమ్మలూ,

అల్లుడి వీసా, బ్రిటన్‌లో వీసాలు చూసే హోమ్ ఆఫీసు కాదందని నిన్న ఫోన్లో చెప్పినప్పట్నుంచీ మీ అత్తయ్యకి అన్నం సయించలేదు. ముందు ఆ ఉత్తరం మీద తేదీ చూడు. యూకేలో ఉండి అప్పీలు చేసేవాళ్లకి, నిర్ణయం పంపిన రోజు నుంచి 14 రోజులే గడువు. ఫీజు విచారణతో 140 పౌండ్లు, కాగితాల మీదే తేల్చమంటే 80. ఆ 60 దగ్గర పిసినారితనం వద్దు. జడ్జి మీ మొహాలు చూడాలి.

మానవ హక్కుల ఒప్పందంలో ఆర్టికల్ 8, కుటుంబ జీవితం అని లాయరు పేజీలు నింపుతాడు, నింపనీ. మీ కేసుకి ప్రాణం పాప. తను బ్రిటిష్ పౌరురాలు కదా, 2002 నాటి బ్రిటన్ ఇమిగ్రేషన్ చట్టంలో 117బి(6) అని ఓ సెక్షన్ ఉంది. తండ్రీబిడ్డల అనుబంధం నిజమైనదై, పాపని దేశం వదలమనడం సబబు కాదని తేలితే, తండ్రిని పంపెయ్యడం ప్రజాహితం కిందకి రాదు.

అనుబంధాన్ని పెళ్లి ఆల్బమ్ నిరూపించలేదమ్మా. మా విచారణలో హోమ్ ఆఫీసు తరఫున వచ్చినావిడ "మీ అబ్బాయి టీచరు పేరేమిటి?" అనడిగింది. రోజూ బడికి దింపేది నేనే. అయినా పేరు నోటికి రాలేదు. గేటు దగ్గర ఆ టీచరు పట్టుకునే ఎర్ర గొడుగు మాత్రం కళ్లముందు కనిపిస్తోంది! చివరికి గట్టెక్కించింది, రోజూ దింపేదీ తీసుకెళ్లేదీ తండ్రేనని స్కూలువాళ్లు రాసిచ్చిన అరపేజీ. మీరూ నర్సరీ నుంచి అలాంటిది రాయించుకోండి. పాపని జీపీకి, అదే ఫ్యామిలీ డాక్టరుకి, చూపించిన కాగితాలు, ఇద్దరి పేర్ల మీదున్న ఇంటి కౌన్సిల్ టాక్స్ బిల్లు వెతికి పెట్టండి.

అల్లుడు తెలుగులో చెప్పుకుంటానంటే అప్పీలు వినే ట్రిబ్యునలే ఉచితంగా దుబాసీని ఇస్తుంది, ముందే అడగాలి. వచ్చీరాని ఇంగ్లీషుతో పరువుకి పోవద్దనండి. "నేను చూసుకుంటాగా" అనే మనవాళ్లెవరికైనా డబ్బు కట్టేముందు, ఇమిగ్రేషన్ సలహాకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు.

మీ అత్తగారికి ఒంట్లో బాగోలేదటగా. అయినా అల్లుడు ఇండియా వెళ్లకూడదు. ఇక్కడుండి వేసిన అప్పీలు, మనిషి దేశం దాటితే వదులుకున్నట్టే లెక్క. నువ్వెళ్లి చూసిరా, పాపని వాళ్ల నాన్న దగ్గరే ఉంచు.

ఆదివారం వస్తాను. హోమ్ ఆఫీసు ఉత్తరంలో ఒక్కో పేరాకీ ఎదురుగా మన జవాబు రాసుకుందాం. ఆ ఉత్తరం రెండు కాపీలు తీయించి ఉంచు.

మామయ్య