రెండు సబ్జెక్టులు పోయాయి, పాసయ్యానని నాన్నకు చెప్పేశాను

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లె. సెప్టెంబరు నుంచి పోర్చుగల్‌లో, పోర్టోకి గంట దూరంలోని ఊళ్లో రెండేళ్ల మాస్టర్స్ చేస్తున్నాను. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకున్నారు. కోర్సు ఇంగ్లిష్‌లోనే అన్నారు గానీ సగం క్లాసులు పోర్చుగీసులో చెబుతున్నారు. ఫోన్ యాప్‌లో రోజూ భాష నేర్చుకుంటున్నా క్లాసులో ముక్క అర్థం కావడం లేదు. ఐదు సబ్జెక్టుల్లో మూడు పాసయ్యాను, రెండింట్లో 8, 7 వచ్చాయి. ఇంట్లో అన్నీ పాసని చెప్పాను. రాత్రుళ్లు స్నేహితుడి అకౌంటు మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. మూడు వారాల్లో మళ్లీ పరీక్ష ఉంది. చదువు మానేసి పనిలో దిగి అప్పు తీర్చేద్దామా అనిపిస్తోంది. నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మార్కుల లెక్క చూద్దాం. మీరు భయపడుతున్నంత నష్టం ఇంకా జరగలేదు. అక్కడ మార్కులు 20కి, పాసవడానికి 10 కావాలి, 9.5 వచ్చినా 10గా లెక్కేస్తారు. అంటే ఒక సబ్జెక్టులో మీకు తగ్గింది మార్కున్నర, రెండోదాంట్లో రెండున్నర. సబ్జెక్టుకు ఆరు క్రెడిట్ల చొప్పున పోయినవి 12. మాస్టర్స్ మొత్తం 120. పదోవంతు ఆగింది, అంతే. మూడు వారాల్లో ఉందన్న 'రెకుర్సు' పరీక్ష మీలాంటి వాళ్ల కోసమే పెట్టింది. అది రాయడం అక్కడ ఎవరికీ నామోషీ కాదు.

అయితే పుస్తకం తెరిచేముందు మీ పాత జవాబు పత్రాలు చూడండి. దిద్దిన పేపరు చూసుకునే హక్కు విద్యార్థికి ఉంటుంది, దాన్ని 'కొన్సుల్త ద ప్రొవ' అంటారు. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి సమయం అడగండి. పేపరు చేతికొచ్చాక ఒక్కటే వెతకండి: తెలియక పోయిన మార్కులెన్ని, ప్రశ్న అర్థంకాక పోయినవెన్ని? ఈ రెండు జబ్బులకు మందు ఒకటి కాదు. రెకుర్సుకి విడిగా పేరు నమోదు చేసుకోవాలేమో, చిన్న ఫీజుందేమో యూనివర్సిటీ ఆఫీసులో ఇవాళే కనుక్కోండి. ఆ గడువు దాటిపోయి పరీక్ష పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ప్రాజెక్టు మార్కులు కలుపుతారా, పరీక్షే నూటికి నూరా అన్నది సబ్జెక్టు వివరాల పత్రంలో ఉంటుంది. బోధనా భాష ఏదో కూడా అందులోనే చూడండి. అక్కడ ఇంగ్లిష్ అని ఉంటే ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో ఇమ్మని ప్రొఫెసర్‌కి రాయండి, కోర్సు డైరెక్టర్‌కి కాపీ పెట్టండి. స్పందన లేకపోతే 'ప్రొవెదోర్ దు ష్తుదాంత్' అని విద్యార్థుల ఫిర్యాదులు వినే అధికారి ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటారు. అడ్మిషన్ లెటర్ జతచేసి మర్యాదగా రాయండి. ఇది గొడవ పెట్టుకోవడం కాదు, మీకున్న దారి.

భాష గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ప్రముఖ యాప్ డ్యుయోలింగో నేర్పేది బ్రెజిల్ పోర్చుగీసు. పోర్చుగల్ వాళ్లు నొక్కి పలకని అచ్చుల్ని మింగేస్తారు. టెలిఫోన్‌ని బ్రెజిల్ మనిషి ఇంచుమించు 'తెలెఫోని' అంటే, మీ ప్రొఫెసర్ నోట అది 'త్ల్‌ఫోన్' అవుతుంది. మనదేమో అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు వినడానికి అలవాటుపడ్డ చెవి. అందుకే పుస్తకంలో తెలిసిన మాట కూడా క్లాసులో జారిపోతుంది. రోజూ ఇరవై నిమిషాలు వాళ్ల ప్రభుత్వ రేడియో అంతెన 1లో వార్తలు వినండి. పరీక్ష మటుకు దానికోసం ఆగదు కాబట్టి, పాత ప్రశ్నపత్రాలు సంపాదించి వాటిలో ఆజ్ఞల్లా వచ్చే మాటలు రాసుకోండి: 'కల్కూల్' అంటే లెక్కించు, 'జుష్తిఫీక్' అంటే కారణం చెప్పు, 'ష్‌ప్లీక్' అంటే వివరించు. కాగితం మీద ఇవి ఇంగ్లిష్ మాటల్లాగే కనిపిస్తాయి. ఇలాంటివి ఓ ముప్ఫై, మీ సబ్జెక్టు పదాలు ఓ అరవై వస్తే ప్రశ్న ఏమడుగుతోందో పట్టుకోగలరు.

చదువు మానేసే ఆలోచన మాత్రం పక్కన పెట్టండి. మీ రెసిడెన్స్ పర్మిట్ మీరు విద్యార్థి అన్న ఆధారం మీద ఇచ్చినది. రెన్యువల్‌కి ఎన్‌రోల్‌మెంటూ ఫీజు రసీదులూ చూపాలి. 'ముందు పనిలో చేరితే తర్వాత కాగితాలు అవే వస్తాయి' అని స్నేహితులు అంటుంటే, వాళ్లు చెబుతున్నది పాత సంగతి. ఆ దారిని 2024 జూన్‌లో మూసేశారు. స్నేహితుడి అకౌంటు మీద డెలివరీ కూడా ఆపేయండి. బండి మీంచి పడితే ఆ ఇన్సూరెన్సు మీది కాదు, సంపాదన మీ పేరున ఎక్కదు, సోషల్ సెక్యూరిటీ ఉండదు. పని అవసరమైతే మీ పేరున, కాంట్రాక్టుతో, వారానికి కొద్ది గంటలు చూసుకోండి. అలా పనిచేస్తూ చదివేవాళ్లకు అక్కడ 'త్రబల్యదోర్ ష్తుదాంత్' అనే హోదా ఉంది. కాంట్రాక్టు, సోషల్ సెక్యూరిటీ కాగితం చూపి యూనివర్సిటీలో అడిగితే మామూలుగా ప్రత్యేక సెషన్‌లో పరీక్ష రాసే వీలు, పని ఇచ్చినవాళ్ల దగ్గర పరీక్షలకు సెలవు దొరుకుతాయి. అరువు అకౌంటుతో ఇవేవీ రావు.

ఇక నాన్నగారు. పరీక్షయ్యాక, పాసయ్యాక చెబుదామని మీకు అనిపిస్తుంది. నా అభిప్రాయం వేరు: ఈ ఆదివారమే చెప్పండి. ఇప్పుడు మీ నిద్ర తింటున్నది ఆ రెండు సబ్జెక్టులకన్నా ఎక్కువగా మీరు చెప్పిన అబద్ధం. అమ్మకు చెప్పి ఆమెతో చెప్పించకండి, ఆ భారం ఆమె మీద వేయడం న్యాయం కాదు. బ్యాంకులో సంతకం పెట్టింది నాన్న కాబట్టి ఆయనే నేరుగా వినాలి, అమ్మ పక్కన ఉంటే చాలు. చలికాలంలో మనకూ వాళ్లకూ ఐదున్నర గంటల తేడా. మీ క్లాసు ఏడింటికి అయ్యేసరికి ఇంట్లో అర్ధరాత్రి దాటిపోతుంది. ఆ వేళలో చేసే ఫోన్లలో 'బాగున్నానులే' తప్ప ఇంకేం మాట్లాడతారు? ఆదివారం మీ ఉదయం పదింటికి చేయండి. అక్కడ మూడున్నర, భోజనాలయ్యి తీరిగ్గా ఉంటారు.

"నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి. పాసయ్యానని అబద్ధం చెప్పాను, తప్పు నాదే. ఫలానా తేదీన మళ్లీ పరీక్ష ఉంది, దానికి ఇలా చదువుతున్నాను." ముందు ఇంతే చెప్పి ఆగండి. ఆయన కేకలేస్తే వేయనివ్వండి, ఫోన్ పెట్టేస్తే గంటాగి మళ్లీ చేయండి. పాసైన వాటిలో 13, 14 లాంటి మార్కులుంటే, అవి చెప్పినప్పుడు ఆయనకు నూటికి అరవై ఐదు, డెబ్భైలా వినిపిస్తాయి. అక్కడ 20కి 20 చాలా అరుదనీ, 14 మంచి మార్కనీ విడమరిచి చెప్పండి. లోను గురించి అడిగితే, విద్యారుణాల్లో సాధారణంగా చదువు పూర్తయ్యాక కూడా కొంత గడువిచ్చి కిస్తీలు మొదలుపెడతారు. ఒకవేళ ఒక సెమిస్టర్ పెరిగినా యూనివర్సిటీ లేఖ పెట్టి గడువు పొడిగించమని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగొచ్చు. వడ్డీ మాత్రం పెరుగుతుంది, ఆ మాట దాచకండి.

నిద్ర సంగతి వాయిదా వేయకండి. మీ యూనివర్సిటీలో మానసిక సహాయ విభాగం ఉందేమో చూసి అపాయింట్‌మెంట్ అడగండి. తేదీ ఆలస్యమయ్యేలా ఉంటే వాళ్ల ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైను ఎస్‌ఎన్‌ఎస్ 24, 808 24 24 24లో కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 112కి ఫోన్ చేయండి, పక్క గదిలో ఉన్నవాళ్లను లేపండి. నాన్నతో మాట్లాడే ముందురోజు రాత్రి డెలివరీ బ్యాగు స్నేహితుడికి తిరిగిచ్చేయండి. 'ఏం పని చేస్తున్నావురా' అని ఆయన అడిగితే, దానికి కూడా నిజమే చెప్పగలుగుతారు.